గంప కింది పొయ్యి

మొన్నమొన్నటి దాకా, చుట్టాలు వస్తున్నారని కబురు అందగానే మా అత్తమ్మ చేసే మొదటి పని మా యారాలి పొయ్యి మీద గంప బోర్లించడం. యారాలంటే తోడికోడలు, మా మరిది భార్య. ఆమెది ఒంటి పొయ్యి, చిన్న సిలిండరు. సిలిండరును బియ్యం బస్తా వెనక్కి తోసి, పొయ్యి మీద పెద్ద గంప బోర్లించి, దాని మీద ఉతికిన బట్టలు నాలుగు పడేస్తే అక్కడ ఇంకో వంట జరుగుతుందని ఎవరికీ అనుమానం రాదు. చుట్టాలు ఉన్నన్నాళ్లూ ఇద్దరం నా పొయ్యి మీదే వండేవాళ్లం, నవ్వుకుంటూ వడ్డించేవాళ్లం. వాళ్ల ఆటో వాడకట్టు మలుపు తిరగ్గానే గంప లేచేది, ఎవరి గిన్నెలు వాళ్లం సర్దుకునేవాళ్లం.

వేరు పడడానికి కారణం నేనే. మా మరిదికి కాజీపేటలో రైలు పెట్టెలు కడిగే కాంట్రాక్టు పని. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ. వేళ కాని వేళ సద్ది కట్టాలి. ఒకరోజు తలనొప్పిగా ఉండి, "ఇది ఇల్లా, హోటలా?" అని అరిచాను. యారాలు ఆ వారమే పరకాల పోయి ఒంటి పొయ్యి కొనుక్కొచ్చింది. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. కానీ ఆమె దగ్గరికి పోయి తప్పయిందని చెప్పే బుద్ధి అప్పుడు పుట్టలేదు.

అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తనే ఒక పద్ధతి పెట్టింది. పగటి పూట నా దగ్గర తింటుంది, మాపటి పూట యారాలి దగ్గర. బయటివాళ్లకు మాత్రం మాది ఒక్కటే పొయ్యి.

"కొడుకులు ఏరువడ్డరని నలుగురు అనుకునుడు నేను సచ్చినంక గానియ్యుండ్రి," అంది.

సరే అన్నాం. రెండేళ్లు గడిచాయి. ఈలోగా ఊళ్లో సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది, నన్ను నిలబెట్టారు. నోరున్నది కాబట్టి గెలిచానని మా ఆయన ఇప్పటికీ అంటాడు. మాది పరకాల రోడ్డు నుంచి లోపలికి ఉన్న చిన్న ఊరు. అవతల వాగు, వాగు దాటి మూడు కిలోమీటర్లు పోతే ఇంకో ఊరు.

నేను సర్పంచిగా ఉండగానే ఇళ్ల లెక్క వచ్చింది. లెక్క రాసే సారు వేరే మండలం నుంచి వచ్చిన పంతులు, నెమ్మదస్తుడు. ఆయన మా వాకిట్లోకి వచ్చేసరికే గంప బోర్లించి ఉంది. ఇంట్లో ఎంతమంది, గదులెన్ని, నీళ్లెక్కడివి అన్నీ అడిగి, చివరికి వంట ఎన్నిచోట్ల చేసుకుంటారని అడిగాడు.

"మాది ఒక్కటే పొయ్యి సారూ," అంది అత్తమ్మ గంప పక్కన కూర్చుని. "ఇద్దరు కోడండ్లు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటరు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. లెక్క సార్లకు ఉన్నదున్నట్టు చెప్పండని పొద్దున్నే మైకులో చెప్పించింది నేనే. అయినా నోరు తెరవలేదు. సారుకు చాయ్ పెట్టిచ్చాను, చక్కెర యారాలు అందించింది. ఆయన కుటుంబం ఒకటి అని రాసుకుని పక్కింటికి పోయాడు. నేనైతే అది పెద్ద విషయమని కూడా అనుకోలేదు.

కొన్నాళ్లకు చిత్తు జాబితా పంచాయతీకి వచ్చింది. మా కార్యదర్శి మేడం హనుమకొండ నుంచి స్కూటీ మీద వచ్చే మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడింది, మాట తక్కువ. జాబితాను రెండుసార్లు తిరగేసి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"మన ఇంటి పన్ను రిజిస్టరుకూ దీనికీ పొంతన లేదమ్మా," అంది. "మూడో వంతు కుటుంబాలు కనిపించట్లేదు."

జాబితాతో పాటు ఇంకో కాగితం ఉంది. మండలంలో పల్లె దవాఖానలను కుటుంబాల లెక్కను బట్టి సర్దుతున్నారట. మా ఊరి లెక్క తగ్గింది కాబట్టి మా దవాఖానను వాగు అవతలి ఊరి దాంట్లో కలుపుతారట. చిత్తు జాబితా ఖాయమైతే అదీ ఖాయం.

మా దవాఖాన రెండు గదుల కట్టడం. ఒక సిస్టరమ్మ, ఒక బల్ల, ఒక బీపీ మిషను. కానీ మా అత్తమ్మ కాలు దాని మీదే ఆధారపడి ఉంది. ఆమెకు షుగరు. కిందటేడు పుండు ముదిరి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. గాయం ఇంకా పూర్తిగా మానలేదు. రోజు విడిచి రోజు కడిగి కట్టు మార్చాలనీ, ఈసారి అశ్రద్ధ చేస్తే పాదం పోతుందనీ వరంగల్ డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆమె ఊతకట్టె పట్టుకుని మెల్లగా దవాఖానకు పోతుంది, కట్టు మార్పించుకుని, సిస్టరమ్మతో ఇంత ముచ్చట పెట్టి వస్తుంది. వాగు అవతలికి ఆ కాలుతో నడవలేదు. వానాకాలం వాగు రోడ్డెక్కితే ఆటోలు కూడా పోవు.

నాకు ఒళ్లు మండిపోయింది. జాబితా చేత్తో పట్టుకుని అట్లాగే మండలాఫీసుకు బస్సెక్కాను. లెక్క చూసే అధికారి బక్కపలచటి మనిషి, నేను అరుస్తున్నంతసేపూ కాగితాలు సర్దుకుంటూ విన్నాడు.

"అయిపోయిందా అమ్మా? ఇప్పుడు నేను చెప్పేది వినండి. మా లెక్కలో కుటుంబమంటే గోడలు కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. మీవాళ్లు ఒకటన్న చోట ఒకటే రాశాం."

"మావోళ్లు గట్లెందుకు చెప్తరు సార్?"

"మీ ఇంటిదే చూద్దామా?"

కంప్యూటరు నా వైపు తిప్పాడు. మనుషులు ఎనిమిది. పొయ్యి ఒకటి. వివరాలు చెప్పినవారు, ఇంటి పెద్ద. ఆయన నన్నేమీ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని.

"తప్పుంటే పంచాయతీ అభ్యంతరం పెట్టొచ్చు," అన్నాడు తర్వాత. "పదిహేను రోజుల గడువుంది. గ్రామసభ తీర్మానం కావాలి. లెక్క తప్పిన ప్రతి ఇంటికీ రుజువు కావాలి. పొయ్యి ఫోటో, వండుకునేవాళ్ల సంతకం, కింద మీ సంతకం. తర్వాత నేనే వచ్చి కొన్ని ఇళ్లు చూస్తాను. చూసినవాటిలో ఒక్కటి అబద్ధమైనా తీర్మానం మొత్తం పక్కన పెడతాను. ముందే చెప్తున్నాను."

వచ్చేటప్పుడు బస్సులో లెక్క పంతులును తిట్టుకున్నాను, అధికారిని తిట్టుకున్నాను, అత్తమ్మను తిట్టుకున్నాను. ఊరి స్టేజీ దగ్గర దిగి నడుస్తుంటే తిట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఆ నడకలోనే నిశ్చయించుకున్నాను. ఈ లెక్క సరిచేయించాల్సిందే, దవాఖాన కదలడానికి వీల్లేదు.

గ్రామసభలో సంగతంతా చెప్పి, "లెక్కల ఎవరెవరు పొయ్యిలు దాచిండ్రో చెప్పుండ్రి," అన్నాను. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది, గంపలు మా ఇంట్లోనే కాదు, ఊరంతా ఉన్నాయని. ఒకరింట్లో గంప, ఒకరింట్లో బస్తా, ఇంకొకరింట్లో పాత చీర. కొత్త మనిషి ముందు అన్నదమ్ములు వేరు పడ్డారని చెప్పుకోవడం మా దగ్గర పరువు తక్కువ. లెక్క సారు కూడా కొత్త మనిషే కదా, చుట్టానికి చెప్పినట్టే చెప్పారు.

"నేనే చెప్తాన. మా ఇంట్ల రెండు పొయ్యిలు. రెండేండ్ల సంది రెండే," అన్నాను.

ముందు వరసలో కూర్చున్న అత్తమ్మ నా మొహం చూసింది. కట్టె తీసుకుని లేచింది. అందరూ దారి ఇచ్చారు. ఆమె కట్టె చప్పుడు పంచాయతీ మెట్ల దాకా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. సర్పంచిని కాబట్టి ఆపుకున్నాను.

ఇంతలో వెనకనుంచి ఒక పెద్దమనిషి లేచి, "మాయి మూడు," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "నవ్వకుండ్రి. మీయెన్నో నాకెర్కలేదా?" అని ఆయన గదమాయించాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు చేతులెత్తారు.

చేతులెత్తడం తేలికే, ఫోటో దగ్గరికి వచ్చేసరికి కష్టమైంది. నేనూ కార్యదర్శి మేడమూ పొద్దున వాకిళ్లు ఊడ్చే వేళకు మొదలుపెట్టి ఎండెక్కేదాకా తిరిగేవాళ్లం. ఒకామె పొయ్యి ఫోటో తీసుకోండి గానీ అందులో మా అత్త పడొద్దంది. ఒక ఇంట్లో అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు సంతకం పెట్టి, తండ్రి మొహం చూడలేక చెరొక దిక్కుకు పోయారు. ఆ తండ్రి నాతో, "మంచి పనేనా బిడ్డా గిది?" అన్నాడు. మంచో చెడో నాకూ తెలియదు, నిజమైతే అదే అన్నాను. మేడం ఆయనకు మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది.

బడి పక్కింటికి పోతే తలుపుకు తాళం, గుమ్మానికి తుమ్మకంప. చెడ్డ నక్షత్రంలో చావు జరిగితే ఇల్లు పాడుపెట్టడం మా దగ్గర ఆచారం. కొన్ని నెలలు ఆ ఇంట్లో దీపం పెట్టరు, ఎవరూ ఉండరు. ఆ ఇంటివాళ్లు అయిదుగురూ వెనక పశువుల కొట్టంలో ఉంటున్నారు. లెక్క సారు తాళం చూసి, ఎవరూ లేరని రాసుకుని పోయాడు. వీళ్లూ కొట్టంలోంచి పిలిచి చెప్పలేదు, అడగని సంగతి ఎందుకని.

"తాళమైతే తియ్యనే సర్పంచమ్మా. గడువు ఇంకా తీరలే," అంది ఆ ఇంటి ఇల్లాలు, భర్త పోయిన మనిషి.

"నీ తాళం నాకెందుకు చెల్లె? నీ పొయ్యేదో చూపియ్."

కొట్టం ముందు మూడు రాళ్లు, మీద కుండ, పక్కన కూర తరుగుతున్న పిల్ల. ఫోటో తీసుకున్నాం. ఆమె సంతకం పెడుతూ, "గిప్పుడు మేం ఊళ్లె ఉన్నట్టేనా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది.

గడువు రెండు రోజులుందనగా ఊళ్లో ఒక్క ఇల్లు మిగిలింది. అది మాదే. గ్రామసభ నుంచి అత్తమ్మ నాతో మాట్లాడడం లేదు. పెట్టింది తింటుంది, కంచం కడుక్కుంటుంది, కట్టెతో బయటికి పోతుంది. ఆ రోజు మధ్యాహ్నం నేను ఫోన్ తీసుకుని యారాలు వండుకునే అర్ర వైపు పోతే, అత్తమ్మ గంప మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

"నన్ను ఏ పొయ్యి కింద రాస్తవు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రెండు పొయ్యిలని రాస్తానవ్ గదా. పగటీలి నీ దగ్గర తింటాన, మాపటీలి చిన్నదాని దగ్గర తింటాన. నన్ను ఎవలతోని రాస్తవ్? నీతోని రాస్తే చిన్నోడు ఏమనుకోవాలె? ఆనితోని రాస్తే పెద్దోడు?"

ఇన్నాళ్లూ ఆమెది ఉత్త పరువు పట్టింపని అనుకున్నాను. ఆమె ఆ గంప కింద దాచింది పొయ్యిని కాదు, ఈ ప్రశ్నను. మేడంకు ఫోన్ చేస్తే, ఒక మనిషిని ఒక్కచోటే రాయాలమ్మా అంది.

"నీ కాలు కోసమే గదా అత్తమ్మా గిదంతా," అన్నాను.

"నా కాలు కోసం నా కొడుకుల్ని రెండు జేస్తవా?"

"జేసింది నేనే. రెండేండ్ల కిందనే జేసిన. నా నోటితోనే జేసిన. గిప్పుడు రాస్తాన, గంతే."

ఆ మాట అంతకు ముందు ఎవరితోనూ అనలేదు. తల తిప్పి చూస్తే గుమ్మంలో యారాలు నిలబడి ఉంది, చేతిలో చాట. విన్నది. లోపలికొచ్చి, అత్తమ్మ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి, గంప తనే ఎత్తింది.

"తియ్ అక్కా ఫోటో," అంది.

తీశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండు కాగితాల్లోనూ అత్తమ్మ పేరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలాం. ఆ గడి రాయడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. అట్లాగే తీర్మానంతో పాటు పంపేశాం.

వారానికి అధికారి తనిఖీకి వచ్చాడు. మొదట మా ఇల్లే చూస్తానని కబురు పెట్టాడు. ఖాళీ గడి ఆయన కంట పడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ రోజు పొద్దున లేచేసరికి పెరట్లో పొగ. మూడు ఇటుకలు పేర్చి అత్తమ్మ మంట పెడుతోంది. స్నానానికి నీళ్లు పెట్టుకుంటుందేమో అనుకుని నా పనిలో పడ్డాను. లోపల గంప గోడకు ఆనించి ఉంది, యారాలి పొయ్యి బట్టబయలుగా ఉంది.

అధికారి నా పొయ్యి చూశాడు, సిలిండరు చూశాడు. యారాలి పొయ్యి చూశాడు, పప్పు డబ్బాలు మూత తీసి మరీ చూశాడు. ఆ తర్వాత కాగితం తీసి, "మరి మీ అత్తగారు ఎవరి దగ్గర?" అన్నాడు.

నేనూ యారాలూ ఒకేసారి నోరు తెరిచాం. ఏం చెప్పబోయామో మాకే తెలియదు.

"ఇటు రా బిడ్డా," అని పెరట్లోంచి వినిపించింది. "మూడోది ఈడ ఉన్నది."

అందరం పెరట్లోకి పోయాం. అత్తమ్మ పీట మీద కూర్చుని ఉంది, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని.

"ఇది నీళ్లు కాచుకునే పొయ్యి కదా అవ్వా?" అన్నాడు అధికారి.

ఆమె కొంగుతో మూత తీసింది. లోపల గటక కుతకుత ఉడుకుతోంది. జొన్న రవ్వతో వండే గటక, షుగరు వచ్చినప్పటి నుంచి ఆమె తిండి అదే.

"తానం నీళ్లల్ల జొన్న రవ్వ ఎవలన్న ఏస్తరా? ఇయ్యాల్టి సంది నా బువ్వ నేనే వండుకుంట. మా ఇంట్ల మూడు పొయ్యిలు. రాసుకో."

"నేను వచ్చానని ఈ పూటకు పెట్టలేదు కదా? రేపు కూడా వండుకుంటావా?"

"నా సేతులు ఆడినన్ని దినాలు," అంది. ఆయన కళ్లలోకి చూసి చెప్పింది.

ఆయన మూడో కాగితం నింపాడు. ఒంటరి కుటుంబం, మనుషులు ఒకటి, పొయ్యి ఒకటి. అత్తమ్మ వేలిముద్ర వేసింది. "సర్పంచిగా మీరు ధ్రువీకరించాలి," అని కాగితం నా చేతికిచ్చాడు.

పదిహేను రోజులు ఊరి చేత నిజాలు చెప్పించినదాన్ని. ఒక ముసలి తండ్రి ముందు కొడుకుల చేత సంతకాలు పెట్టించినదాన్ని. మా అత్తమ్మ ఒంటరిగా వండుకుని తింటుందనే కాగితం కింద సంతకం పెట్టడానికి నా చెయ్యి కదల్లేదు. ఇద్దరు కోడళ్లం ఉండి ఆమెకు ఇటుకల పొయ్యి పెట్టించామన్న సిగ్గు ఒక దిక్కు, మా ఇద్దరిలో ఎవరినీ చిన్నబుచ్చకుండా తనే పక్కకు జరిగిందన్న బాధ ఇంకో దిక్కు. యారాలు నా వెనక నిలబడి ముక్కు ఎగబీల్చుకుంటోంది. అత్తమ్మ మాత్రం గటక కలుపుతూనే, "పెట్టవే, సారుకు ఆలస్యమైతాంది," అంది. పెట్టాను.

ఆయన ఇంకా కొన్ని ఇళ్లు చూశాడు. కొట్టం ముందు మూడు రాళ్లూ చూశాడు. ఒక్కటీ అబద్ధం కాలేదు. సవరించిన జాబితా వచ్చింది, దవాఖానను కదపడం లేదన్న కాగితం దాని వెనకే వచ్చింది. ఈ వానాకాలం కూడా వాగు రోడ్డెక్కింది. అత్తమ్మ ఆ రోజుల్లో కూడా గొడుగు పట్టుకుని, కాలికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని దవాఖానకు పోయి కట్టు మార్పించుకుని వచ్చింది. పుండు ఇప్పుడు మానుముఖం పట్టింది.

కాగితం వచ్చిన రోజే ఆమె దగ్గరికి పోయి, "ఇగ నీ పొయ్యి తీసెయ్ అత్తమ్మా, జర మా దగ్గర తిను," అన్నాను.

"ఒక్కటి అబద్ధమైనా మొత్తం పాయె అన్నడు గదా ఆ సారు? ఏలుముద్ర ఏసిన. మాట తప్పుతనా?"

"మరి కూరన్న మా దగ్గర తీసుకో."

"కూర ముచ్చట ఆ సారు అడగలే," అంది. అప్పటి నుంచి గటక ఆమెది, పగటి కూర నాది, మాపటి కూర యారాలిది. మరిదికి మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారం సద్ది నేను కడుతున్నాను. యారాలు వద్దనలేదు.

పోయిన వారం అత్తమ్మ పుట్టింటివాళ్లు పాలకుర్తి నుంచి ఫోన్ చేసి బయలుదేరామని చెప్పారు. రెండేళ్ల అలవాటు, నా చెయ్యి దానంతట అదే గోడ పక్కనున్న గంప మీదికి పోయింది. పెరట్లోంచి అత్తమ్మ కేక వేసింది.

"దాన్ని ముట్టకు! దాంట్ల నా పొయ్యి కట్టెలున్నయి."